కందుల మూటతో కుజుని కాడికి

నాకు చదువు లేదు. పేరు రాయమంటే నరసమ్మ అని నాలుగు అక్షరాలు కూడబలుక్కుని రాస్తా, అంతే. ఇది నేను నోటితో చెప్తాంటే ఇంకొకరు రాస్తాండారు. రాసే మనిషికి ముందే చెప్పినా, నా మాటను సబ్బు పెట్టి ఉతకొద్దు, మురికి ఉంటే ఉండనీ అని.

మా ఊర్లో ఆడోళ్లు తిరుపతి పోయొస్తే వారం దినాలు చెప్తారు. అహోబిలం పోయొస్తే ఒక పూట చెప్తారు. నంద్యాల పోయొస్తే ఎవరూ ఏమీ చెప్పరు. సంతకు పోయినట్లే లెక్క. నేను పోయింది నంద్యాలకే గానీ, ఆడ చూసొచ్చింది అంగారకుని. మా పక్క కుజుడు అంటాం. ఆయప్ప కాడికి పోయొచ్చినోళ్లు మా చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. అందుకని చెప్తాండా. పోనోళ్లు వినండి.

రేడియో కాడ

నేను మా తమ్ముడు సుబ్బరాయుని ఇంట్లో ఉంటా. మా ఊరు ఆళ్లగడ్డకు నాలుగు మైళ్లు. తమ్ముడు వానల సంగతి, సేద్యం సంగతి వినడానికని రేడియో తెచ్చినాడు. వాడు వినేది వాడు వింటాడు, సాయంత్రం వార్తలు మాత్రం నావి. మంత్రుల మాటలు వచ్చినంత సేపు ఆకువక్క నములుతా కూచుంటా. ఆకాశంలోకి మిషను పంపినారంటే నమలడం ఆపేస్తా.

నాకు ఈ పిచ్చి పట్టించింది రష్యావాళ్ల బండి. చంద్రుని మీద ఎనిమిది చక్రాల బండిని దించినారంట. తోలేటోడు బండి మీద లేడు, భూమ్మీద కుర్చీ వేసుకుని కూచుని తోల్తాండాడంట. పగలు మూత తెరిచి ఎండ తాగుతాదంట, చీకటి పడితే మూత మూసుకుని పండుకుంటాదంట. చీకటంటే మన చీకటి కాదు, ఆడ ఒక రాత్రి మనకు రెండు వారాలు. తెల్లారినాక లేస్తాదో లేదో అని నేను ఆ రెండు వారాలూ లెక్కపెట్టుకుంటా కూచునేదాన్ని. లేచింది అని వార్తల్లో చెప్తే, మా ఎద్దుల కాడికి పోయి, చూడండి, దానికి గడ్డి గూడా అక్కర్లేదు అని ఎత్తిపొడిచినా.

ఆ తర్వాత శుక్రుని మీద ఒకటి దిగింది. ఆడ సెగకు గంట సేపన్నా బతకలే. చచ్చేలోపల రాళ్ల బొమ్మ ఒకటి పంపిందంట. కూతురు కాన్పులో పోయినట్లు ఏడుపొచ్చింది నాకు. ఇంట్లో అందరూ నవ్వినారు. నవ్వనిది కరుణమ్మ ఒక్కతే. కరుణమ్మ మా ఊరి బడికి పంతులమ్మగా వచ్చింది, కిరస్తానీ పిల్ల, నాకంటే ఇరవై ఏండ్లు చిన్నది. సాయంత్రమైతే ఆమె నా పక్కన వచ్చి కూచునేది. బొగ్గుతో గోడ మీద గ్రహాలు గీసి చూపించేది. తర్వాత నంద్యాలకు బదిలీ అయి పోయింది. గోడకు సున్నం కొట్టనియ్యలే నేను.

ఇంగ కుజుని సంగతి చెప్పాల. అది చెప్పకుంటే ఈ ప్రయాణం అర్థం కాదు.

నా మొగుడు బావి తవ్వుతాంటే దరి కూలి మన్నులో పడి పోయినాడు. ముప్పై ఏండ్ల కింద మాట. అప్పటికి పెండ్లయి మూడేండ్లు, పిల్లలు లేరు. పెండ్లప్పుడు నా జాతకం ఎవరూ చూడలే. ఆయన పోయినాక, పదోనాడు, మా అత్త పంతులును పిలిపించి చూపిచ్చింది. కుజుడు ఎనిమిదో ఇంట్లో ఉన్నాడు, ఈ పిల్ల కుజుడే మొగుణ్ని మింగినాడు అని ఆ పంతులు చెప్పినాడు. ఆ పొద్దు నుంచి మంగళారం వస్తే ఉప్పు లేని కూడు తింటా. ఎర్రగుడ్డలో కందులు కట్టి దానమిస్తా. కందులు కుజుని గింజలు. ఆ మూటలోవి మా ఇంట్లో ఎవరూ నోట్లో వేసుకోరు.

కుజుని మీదికి మొదట పోయిన మిషను దిగీదిగకముందే మూగబోయిందని రేడియోలో విన్నా. ఇనుమును గూడా వదల్లేదు అనుకున్నా. ఆ తర్వాత కొన్నేండ్లకు అమెరికావాళ్లది దిగింది. అది మూగబోలే. ఒక దినమాయె, వారమాయె, నెలాయె. ప్రతి సాయంత్రం ఇంకా బతికుందా అని రేడియోను అడిగేదాన్ని.

సరిగ్గా ఆ దినాల్లోనే మా తమ్ముని కొడుకు ఓబులేసుకు సంబంధం కుదిరింది. శిరివెళ్ల పిల్ల, ఈశ్వరమ్మ. పదో తరగతి దాకా చదివింది. మావాడు చూసినాడు, ఆ పిల్ల చూసింది, ఇద్దరికీ ఇష్టమే. తాంబూలాలకు ముందు పంతులు ఆ పిల్ల జాతకం చూసి ఏడో ఇంట్లో కుజుడు అన్నాడు. ఇంట్లో అందరి మొగాలు మాడిపోయినాయి. తమ్ముడు వచ్చి నా ముందర కూచున్నాడు.

"అక్కా, ఈ దెబ్బ తిన్నదానివి నువ్వు. నీ మాటే మాట. గురువారం వాళ్ల పెద్దమనుషులు వస్తారు. వద్దంటే వద్దు, సరే అంటే సరే."

నన్ను ఎవరూ ఏదీ అడగరు. యా చేనులో ఏం విత్తాలన్నా అడగరు. ఇది మాత్రం అడుగుతారు. మా పక్క అంతే, కుజుని దెబ్బ తగిలినోళ్ల నోటితోనే తేల్చుకుంటారు.

అంతకు రెండు దినాల ముందే కరుణమ్మ కబురు పంపింది, మా బడిలో ప్రదర్శన పెడతాండాం, నీ కుజుని ఫోటోలు వచ్చినాయి, వచ్చి చూసిపో అని. నేను తమ్మునితో చెప్పినా, చూడకుండా చెప్పను, పోయి చూసొచ్చి చెప్తా. ఎవర్ని చూసొస్తావు అన్నాడు. కుజుని అన్నా. మా మరదలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆళ్లగడ్డ

సోమవారం మధ్యాహ్నం సంచీలో రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి, ఎర్రగుడ్డలో కందుల మూట పెట్టుకుని నడిచినా. మూట ఎందుకంటే, అంత దూరం పోయి ఉత్త చేతుల్తో ఎట్ల నిలబడేది. మరుసటి దినం మంగళారం గూడా.

ఆళ్లగడ్డలో బస్టాండు కంటే ముందు ఉలి చప్పుడు వినబడుతాది. వీధికి రెండు పక్కలా రాళ్లు కొట్టేటోళ్లే. మా ఊర్లో మన్ను తెల్లారి లేస్తే కాళ్లకు అంటుకుంటాది, వీళ్లకు రాతిపొడి కనురెప్పల మీద ఉంటాది. వీరాచారి నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. ఆయన చేతి కింద తొమ్మిది గ్రహాలు తయారైతాండాయి, ఎవరో గుడికి చెప్పినారంట. కుజుడు యాడ అని అడిగినా. చూపిచ్చినాడు. పొట్టేలు అయిపోయింది, కొమ్ములు తిరిగి శానా బాగుంది. దాని మీద కూచున్న సామికి నాలుగు చేతులు వచ్చినాయి, మొగం ఇంకా రాలేదు. ముక్కు కాడ ఉత్త రాయి.

"ఆచారీ, కుజుడు ఇట్లనే ఉంటాడా?"

"శాస్త్రంలో ఇట్లనే ఉందక్కా. నేనేమన్నా చూసొచ్చినానా?"

"నేను పోతాండా చూసేకి."

ఆయన ఉలి కింద పెట్టి నా మొగం చూసినాడు. నేను సంగతంతా చెప్పినా. నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలే. రోంత సేపు ఆలోచన చేసి, "అయితే ఒక పని చేయి నరసక్కా. ఆడ రాయి ఏం జాతిదో కనుక్కోనిరా. ఈడ మంచి రాయి దొరకడం కష్టమైతాండాది" అన్నాడు. అట్ల నాకు ఇంకో పని తగులుకునింది.

బస్టాండులో ఒకాయన సంచీ చంకన పెట్టుకుని బస్సెక్కబోతా నన్ను చూసినాడు. నా నొసట చూసినాడు. ఎనక్కి తిరిగి బెంచీ మీద కూచున్నాడు. ఇది నాకు కొత్త కాదు. మొగుడు లేని ఆడది ఎదురొస్తే నీళ్లు తాగి, కూచుని, మళ్లీ లేచి పోవాల. నేనన్నా, "అన్నా, నేను ఎక్కేది ఈ బస్సే. తర్వాత బస్సు పొద్దుగూకినాకనే. నువ్వే ఆలోచన చేసుకో." ఆయన కూజాలో నీళ్లు తాగి వచ్చి, ముందర తలుపు వదిలి ఎనక తలుపులో ఎక్కినాడు. అట్ల ఎక్కితే నా శకునం అంటదేమో.

శిరివెళ్ల ఇంకా మైలు ఉందనంగా టైరు పేలింది. బస్సంతా నా పక్క తిరిగింది. ఎనక సీట్లోంచి ఆయప్ప, "నేను అనుకుంటానే ఉన్నా" అన్నాడు. కండక్టరు మంచోడు, టైరుకు నాలుగేండ్ల వయసుందప్పా, దానికి ఈ అవ్వతో పనేముంది అన్నాడు. నేను ఎనక్కి తిరిగి, "రేపు కుజుని కాడికే పోతాండా, నీ టైరు సంగతి గూడా అడుగుతాలే" అని చెప్పినా. బస్సులో నవ్వు పుట్టింది. ఆయప్ప కిటికీలోంచి బయటికి చూసినాడు.

శిరివెళ్ల

శిరివెళ్లలో ఆగాలని నాకు లేదు. టైరు పేలి పొద్దుగూకింది కాబట్టి ఆగినా. ఆడ మా మేనమామ కూతురు ఉంది. మా ఊర్లో సంగటిలోకి గోగాకు చేస్తాం. వీళ్లు ఎండుమిరపకాయ, తెల్లగడ్డ దంచిన కారం వేస్తారు. కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఉప్పు తినేది ఈ పూటే గదా అని రెండు ముద్దలు తిన్నా.

నేను వచ్చినానని వీధికి తెలిసిపోయింది. దీపం పెట్టే పొద్దుకు ఒక పిల్ల చెంబులో మజ్జిగ తీసుకుని వచ్చి గుంజ పక్కన నిలబడింది. ఎవరని అడగలే నేను. చూస్తానే తెలిసిపోయింది. మావాడు ఇంట్లో చెప్పినట్లే ఎత్తుగా ఉంది, బెదురు చూపు లేదు.

మజ్జిగ ఇచ్చి పోతాదనుకున్నా. పోలే.

"అత్తా, నీకు పెండ్లప్పుడు భయమేసిందా?"

నేను చెప్పినా, నాకు పెండ్లప్పుడు కుజుడు ఎవరో గూడా తెలీదు, అంతా అయినాక చెప్పినారు అని.

"నాకు ముందే చెప్పినారు. వారమాయె, నిద్ర లేదు. ఆయనకు ఏమన్నా అయితే నా వల్లనే అంటారు గదా. నేను భయపడాల్నా, వద్దా? అది నువ్వొక్కదానివే చెప్పగలవు."

చెంబు కింద పెట్టినా. వద్దని చెప్తే ఈ పిల్ల నొసటన కుజుడు అని రాసినట్లే, ఇంగ యా ఊరోళ్లూ రారు. సరే అని చెప్పి, రేపు మావానికి కాలు బెణికినా, ఇంటింటికీ తిరిగి చెప్పేది నా పేరే. రేపు పోయి చూసొచ్చి చెప్తానమ్మా అంటి. ఎవర్ని అనింది. కుజుని అంటి.

ఆ పిల్ల నవ్వలే. "అయితే నా గురించి గూడా అడుగు" అని చెంబు తీసుకుని పోయింది.

నంద్యాల

నంద్యాలలో దిగుతానే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వాసన. ప్లేటు అర్ధరూపాయి. ఆళ్లగడ్డలో ఇంకా తక్కువకే ఇస్తారు గానీ, బజ్జీ ఇంత పొడుగు ఉండదు. మంగళారం కాబట్టి వాసన చూసి ముందుకు పోయినా. నంద్యాల మనుషులు నడిచేటప్పుడు నేల చూడరు, ఎదురుగా వచ్చేటోళ్ల మొగమూ చూడరు. నొసట బొట్టుందా లేదా అని ఎవరికీ పట్టలే. అది నాకు శానా నచ్చింది.

బడి కనుక్కోవడం కష్టం కాలే, జనం ఆ పక్కే పోతాండారు. కరుణమ్మ గేటు కాడనే నిలబడుకోని ఉంది. అక్కా అని వచ్చి నా చేయి పట్టుకునింది. లోపల పెద్ద గదిలో పిల్లోళ్లు ఏందేందో పెట్టినారు. మధ్యలో అట్టతో మిషను. మూడు కాళ్లు, మీద గొడుగు తిరగేసినట్లు ఒకటి, ముందరికి చాపిన పొడుగు చేయి. ఆ చేయి గొడుగు కమ్ములతో చేసినారంట. కింద ఎర్రమన్ను పరిచి రాళ్లు చల్లినారు. నంద్యాలలో యాడ తవ్వినా నల్లమన్నే, ఎర్రమన్ను కోసం కరుణమ్మ ప్యాపిలిలో ఉన్న అన్న చేత గోనెసంచీలో బస్సు మీద తెప్పిచ్చిందంట. కండక్టరు మన్నుకు లగేజీ కొట్టినాడని నవ్వింది. ఎనక గోడకు ఫోటోలు.

నేను ఫోటోల కాడికి పోలే. కాళ్లు ఆడనే ఆగిపోయినాయి. ఆ ఎర్రమన్ను, ఆ మూడు కాళ్లు చూసేటప్పటికి ముప్పై ఏండ్ల భయం మళ్లీ వచ్చింది. సంచీలోంచి మూట తీసి ఎర్రమన్ను మీద పెట్టినా. చెప్పులు విడిచినా. చుట్టూ మూడు తూర్లు తిరిగి దండం పెట్టుకున్నా.

తప్పు ఆడనే జరిగిపోయింది. నా ఎనక సంజామల నుంచి వచ్చిన ఒకామె ఉండె. మనమణ్ని చూపిచ్చేకి తోడుకోని వచ్చిందంట. నేను తిరిగేది చూసి ఆమె గూడా తిరిగింది. కొంగు ముడి విప్పి నాణెం పెట్టింది. ఇంకొకామె మిషను కాలికి కుంకుమ పూసింది. మంగళారం, ఎర్రమన్ను, ఎర్రమూట, ఇంగ చెప్పేదేముంది. కుజునికి పూజ చేస్తాండారని మాట బయటికి పోయింది. రోంత సేపటికి లైను కట్టినారు. ఎవరో టెంకాయ కొట్టినారు. ఆ నీళ్లు పడి ప్యాపిలి మన్ను బురదయింది, అట్టకాలు నానింది, మిషను ఒక పక్కకు ఒరిగింది. అది చేసిన పిల్లోళ్లు ఏడుపు మొగాలతో దాన్ని పట్టుకుని నిలబడినారు. పెద్దసారు వచ్చి కరుణమ్మను కేకలేసినాడు.

కరుణమ్మ నన్ను పక్కకు పిల్చింది. కోపంగా లేదు గానీ మొగం ఎర్రబడింది.

"అక్కా, నువ్వు పెట్టినావు, నువ్వే తీయాల. నేను నోరు తెరిస్తే, కిరస్తానీ పంతులమ్మ సామిని వద్దంటాంది అంటారు. ఈ బళ్లో ఇంగ నేను ఉండలేను."

"నేనేమని చెప్పేది? నాకే తెలీదే, అది సామో కాదో."

"తెలుసుకుందామనే గదా వచ్చినావు. ఇంకా చూడనేలేదు నువ్వు. రా."

చేయి పట్టుకుని గోడ కాడికి తోడుకోనిపోయింది.

మొదటి ఫోటోలో రాళ్లు. చూసినంత దూరం రాళ్లే. పోగులు పోసినట్లు లేవు, ఎవరో చేత్తో చల్లినట్లున్నాయి. ప్యాపిలి పక్క ఎండాకాలంలో విత్తడానికి పనికిరాని చేను ఉంటాది చూడండి, అట్ల. ఆకాశం నీలం కాదు. చెనిక్కాయ గింజ మీద పొట్టు రంగు. చెట్టు లేదు, మనిషి లేడు, పొట్టేలు లేదు. నేను వెతికినా, నిజంగానే వెతికినా, రాళ్ల ఎనక ఎవరన్నా కూచున్నారేమో అని.

ఇంకో ఫోటో దగ్గరగా తీసింది. మిషను చేయి కిందికి వచ్చి మన్నును గోకింది. చిన్న కాలువ మాదిరి గుంత పడింది. కరుణమ్మ వేలు పెట్టి, ఇదే అక్కా, ఈడ మన్ను తీసుకునింది, లోపల వేసుకుని పరీక్ష చేసింది అని చెప్తాండాది. నాకు ఆ మాటలు వినబడలే. నేను గుంత దరిని చూస్తాండా.

గుంత తవ్వితే నేను మొదట చూసేది దరినే. ముప్పై ఏండ్లుగా అంతే. రోడ్డు పక్కన ఎవరన్నా తవ్వుతాంటే గూడా నిలబడి దరి చూస్తా. ఈ గుంత దరి నిలబడే ఉంది. అక్కడక్కడ అంచు రాలింది గానీ, కత్తితో కోసినట్లు నిటారుగా ఉంది. కుజుని ఇంట్లో, ఆయప్ప మన్నులో, ఎవరో ముక్కూమొగం తెలీని మిషను వచ్చి తవ్వితే గూడా దరి కూలలే.

మా బావి దరి ఎందుకు కూలింది? ఆ యేడు వానలు పట్టి విడవలే. నల్లరేగడి, నానినాని ఉబ్బింది. వాన ఎలిసిన రెండోనాడే దిగినారు. దరికి అడ్డం కట్టెలు కొట్టలే. ఇది నాకు ఆ పొద్దే తెలుసు, మన్ను చూసినప్పుడే తెలుసు. పంతులు చెప్పినాక తెలిసింది తెలీకుండా పోయింది.

ఎంత సేపు నిలబడినానో. 

తర్వాత నేనే లైను కాడికి పోయినా. నా గొంతు మొదట్నుంచీ మోటు, పెంచాల్సిన పని లేదు.

"అమ్మల్లారా, ఇది సామి కాదు. పిల్లోళ్లు చేసిన అట్టబొమ్మ. గోడ కాడ ఫోటోలున్నాయి, పోయి చూడండి. ఆడ మన్నుంది, రాయుంది, ఇంకేమీ లేదు. మొదట పెట్టింది నేనే, నా మూట నేను తీసుకుంటాండా. మీ దుడ్లు మీరు తీసుకోండి."

వంగి మూట తీసుకున్నా. ఒక్కరూ కదల్లే. సంజామల ఆమె నోరు తెరిచి నన్ను చూస్తా, "ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే పాపం గదా వదినా?" అనింది.

"తీసుకునేటోడు ఉంటే గదా పాపం."

ఆమె నన్ను చూసింది, మనమణ్ని చూసింది, తర్వాత బేగా తన నాణెం తీసుకునింది. ఆమె తీసుకుంటానే మిగతావాళ్లు తీసుకున్నారు. టెంకాయ కొట్టినాయన మాత్రం, నా చిప్పలు యాడ పోయినాయి అని పోట్లాడినాడు. పిల్లోళ్లు తినేసినారు.

కరుణమ్మ ఇంట్లో

ఆ సాయంత్రం కరుణమ్మ ఇంట్లో ఉన్నా. వాళ్లమ్మ ఉంది, కండ్లు కనపడవు. వాళ్లు కంచం ముందర పెట్టుకుని, కండ్లు మూసుకుని, తర్వాత తింటారు. మేము తిన్నాక అన్నదాతా సుఖీభవ అంటాం, వీళ్లు తినకముందే లెక్క సరి చేసేస్తారు. నా కోసమని కరుణమ్మ పప్పులో ఉప్పు వేయకుండా పక్కకు తీసింది. ఇంగ ఉప్పు వేసుకోవచ్చు గదా అక్కా అనింది. నేను వేసుకోలే. ఒకే దినంలో అన్నీ వదులుకోవడానికి నాకు చేతకాలే.

మిషను సంగతులు అడిగినాకొద్దీ చెప్పింది. దాని చేయి మొదట్లో ఇరుక్కునిందంట, చిన్న సీల ఊడక. ఈడ కూచున్నోళ్లు, ఇంకా ముందుకు చాపు అని మాట పంపితే, చాపింది, సీల రాలి కింద పడింది. మాట ఆడికి పోయేకే ఇరవై నిమిషాలు పడుతాదంట. మన్నులో ప్రాణముందా అని చూసేకి దాని మీద కషాయం మాదిరి ఏదో పోసినారంట. మన్ను గాలి వదిలిందంట. కొందరు ప్రాణం అన్నారు, కొందరు ఉత్త మన్ను గుణం అన్నారు.

"చివరికి ఏం తేల్చినారు?"

"ఇంకా తేలలేదక్కా."

"తేలలేదు అని వాళ్లే చెప్తాండారా?"

"వాళ్లే చెప్తాండారు."

ఆ మాట నేను శానా సేపు ఆలోచన చేసినా. మా పంతులు ఎప్పుడూ తేలలేదు అనలే.

బయటికి వచ్చి కుజుడు యాడున్నాడో చూపించమన్నా. ఇప్పుడు కనపడడంట. సూర్యుని ఎనక్కి పోయినాడు, కొన్ని వారాలు మిషను మాట గూడా మనకు వినబడదు అని చెప్పింది. మళ్లీ మాట్లాడుతాదా అని అడిగినా. మాట్లాడుతాది, మధ్యలో సూర్యుడు అడ్డమున్నాడు, అంతే అనింది.

తిరుగుదారి

బుధవారం పొద్దున మొదట ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నా. నంద్యాల గొప్ప నాకు అప్పుడు తెలిసింది. ఎవరన్నా పోతే బస్టాండు బయట, ఎడమ పక్క రెండో బండి కాడ తినండి.

శిరివెళ్లలో బస్సు ఒక నిమిషం ఆగింది. ఈశ్వరమ్మ రోడ్డు పక్కనే ఉంది, బిందె పెట్టుకుని, వచ్చిన ప్రతి బస్సూ చూస్తాందో ఏమో. నేను నోరు తెరిచినా. తెరిచి మూసుకున్నా. తమ్మునికి చెప్పకముందు బస్సు కిటికీలోంచి చెప్పే మాట కాదది. అట్లని ఊరికే పోలేక మూట ఎత్తి చూపిచ్చినా, ఇచ్చి రాలేదు చూడు అని. ఆ పిల్లకు ఎట్ల తెలుస్తాది. కుజుడు మూట గూడా వద్దన్నాడేమో అనుకునిందంట, మొగం వాడిపోయింది. నేను చేయి ఊపుతానే ఉన్నా, బస్సు కదిలిపోయింది. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నా.

ఆళ్లగడ్డలో వీరాచారి నన్ను చూస్తానే రాయి సంగతి అడిగినాడు. చెప్పినా, బొక్కలరాయి ఆచారీ, పొంగణం మాదిరి నిండా బొక్కలే, ఉలి పెడితే నిలబడదు. నిరాశపడినాడు పాపం. కుజునికి ముక్కు వచ్చేసింది అప్పటికి. బాగుంది. మీసం గూడా పెడతాండాడు. ఫోటోలో ఈ మొగం యాడా కనపడలేదని చెప్పినా. "అందుకే గదక్కా నేను చెక్కేది" అన్నాడు.

ఇల్లు

తమ్ముడు పంచలోనే కూచోని ఉన్నాడు. మరదలు వాకిట్లోకి వచ్చింది. ఓబులేసు కొట్టంలో పశువుల కాడ ఉన్నట్లు నటిస్తాండాడు.

"చూసినావా?" అన్నాడు తమ్ముడు.

"చూసినా. ఆ పిల్లను తెచ్చుకోండి."

వాడు ఒకేసారి లేచి మళ్లీ కూచున్నాడు. పంతులు ఏమంటాడో అన్నాడు. అక్కా, నువ్వు చూసింది ఉత్త ఫోటోనే గదా అన్నాడు. నేను చెప్పినా, పంతులు చూసింది గీతలు, నేను చూసింది నేల. అట్లయినా వానికి ధైర్యం రాలే. రేపు ఏమన్నా అయితే అని సగంలో ఆపినాడు. వాడు నా తమ్ముడు, నా మొగుని శవాన్ని మన్నులోంచి తీసినోళ్లలో వాడూ ఉన్నాడు. వాని భయం నాకు తెలుసు.

వాని పక్కన కూచోని చెప్పినా. "ఏమీ కాదని నేను చెప్పలేను సుబ్బరాయుడూ. అది తేలే సంగతి కాదు. వానలో బావిలోకి దిగనియ్యొద్దు. దిగితే దరికి కట్టెలు కొట్టండి. మన చేతిలో ఉండేది అది. ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు."

 వాడు కొట్టం పక్క తిరిగి, "ఒరే ఓబులేసూ, రేపు వాళ్లొస్తారు, పంచ ఊడ్పిచ్చు" అన్నాడు. కొట్టంలో ఏదో బక్కెట తన్నుకుని పడిన చప్పుడు వచ్చింది.

నేను ఎర్రమూట విప్పి కందులు చేటలో పోసి మరదలి ముందర పెట్టినా. ఆమె చేయి ఎనక్కి తీసుకునింది. ఇవి కుజునివి గదా వదినా అనింది. మనవే, నేను విత్తినవే, విసిరి వండు అని చెప్పినా. భయం భయంగానే విసిరింది. మొదటి ముద్ద నేను తిన్నా. నాకేమీ కాలేదని చూసినాక అందరూ తిన్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలకు మిషను మళ్లీ మాట్లాడిందని కరుణమ్మ కబురు పంపింది. వార్తల్లో చెప్పినారో లేదో, నేను ఇంట్లో పెండ్లి పనుల్లో పడి వినలే.

ఇది రాస్తాండేది ఈశ్వరమ్మ. బస్సు కిటికీ కాడ మొగం వాడిపోయింది అన్న ముక్క కాడ కలం ఆపి, వాడలేదత్తా అనింది. రాయి, వాడింది అన్నా. రాసింది. ఈ పొద్దు మంగళారం. కందిపప్పు ఆ పిల్లే చేసింది. చేయి తెలియక ఉప్పు రోంత ఎక్కువేసింది. గమ్మున తిన్నా.